అనాస తొక్కల వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో మొట్టమొదట మాయమైనవి అనాసపండు తొక్కలు.

పండే మాయమైతే మా అమ్మాయి సిరి తినేసిందనుకునేదాన్ని. తొక్కలు ఎవరికి కావాలి? నేను ముసలివాళ్ళ రెస్ట్‌హోమ్‌లో డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ముక్కలు కోసి, డబ్బాలో సర్ది, ఫ్రిజ్‌లో పెట్టి ఉన్నాయి. బల్ల తుడిచి ఉంది. చెత్తబుట్ట మూత తీసి చూస్తే ఒక్క తొక్క లేదు. మా ఆయన పండు కొయ్యడమే వింత, కోసి బల్ల తుడవడం ఇంకా వింత. పైగా నేను నోరు తెరవకముందే, "అనాసపండు బాగా తియ్యగా ఉంది సుభద్రా, తిను" అన్నారు.

నేను తినలేదు. ముందు ఆయన మొహంలోకి చూశాను. తరవాత దగ్గరికి వెళ్ళి, షర్టు మీద దారప్పోగు ఏదో తీస్తున్నట్టు నటించి, వాసన చూశాను.

నాకు అనుమానం ఎక్కువని మావాళ్ళంతా అంటారు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, కాపరంలో అబ్బింది. మా ఆయన ఈశ్వరరావుగారు చెడ్డమనిషి కాదు. తిట్టరు, కొట్టరు, గొంతెత్తి మాట్లాడరు. సాయంత్రం గ్యారేజీలోకి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, నిలబడే గ్లాసెత్తి గొంతులో ఒంపుకుని, రెండు యాలక్కాయలు నోట్లో వేసుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికి వచ్చి టీవీ ముందు కూచునేవారు. సీసాలు ఎక్కడెక్కడ దొరికేవో చెబితే మీరు నవ్వుతారు. వానకి వేసుకునే గమ్‌బూటులో. గడ్డి కోసే మిషను వెనక సంచిలో. బియ్యం బస్తా వెనకాల, అదీ నా నడుము వంగని మూల చూసి. అన్నేళ్ళు ఆయన దాచారు, నేను వెతికాను. మా ఇద్దరి మధ్యా అంత శ్రద్ధగా సాగిన పని ఇంకోటి లేదు.

కిందటేడు మా ఊరు టౌరంగాలో, కామెరాన్ రోడ్డు మీద పోలీసులు కారు ఆపి ఊదించారు. లైసెన్సు పోయింది, దాంతో లారీ ఉద్యోగం పోయింది. కొన్నాళ్ళయ్యాక కోర్టువాళ్ళు, కారులో ఒక పెట్టె బిగించుకుంటే నడపొచ్చన్నారు. గొట్టంలోకి ఊదాలి. ఒంట్లో చుక్క లేకపోతే పచ్చదీపం వెలిగి కారు స్టార్టవుతుంది. ఉంటే ఎర్రదీపం వెలిగి కీచుమని అరుస్తుంది, కారు కదలదు, అరిచిన సంగతి పెట్టెలో ఉండిపోతుంది. మార్చి దాకా ఒక్క ఎరుపు కూడా పడకపోతే పెట్టె తీసేస్తారు, లారీ మాట మళ్ళీ ఎత్తొచ్చు. పడిందా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

పెట్టె బిగించిన రోజున ఆయన దేవుడి పటం మీద చెయ్యి వెయ్యబోయారు. నేను ఆపాను.

"ప్రమాణాలొద్దండీ. మీ మాట చాలాసార్లు విన్నాను. ఇకనించి పెట్టె మాట చాలు. మార్చిలో అది ఊడితే ఉంటాను. ఈలోగా ఒక్కసారి ఎర్రదీపం వెలిగిందా, సిరిని తీసుకుని మంగ దగ్గరికి వెళ్ళిపోతాను."

మంగాదేవి మా చెల్లెలు. ఆక్లండ్‌లో, బోటనీ డౌన్స్‌లో ఉంటుంది. వాళ్ళింట్లో కింది గది ఖాళీగా ఉంది, రెస్ట్‌హోమ్ ఉద్యోగాలు అక్కడా బోలెడు. నేను ఉత్తినే బెదిరించడం లేదని ఆయనకీ తెలుసు.

అందుకే రోజూ పొద్దున్నే ఆయన టెపుకీలో కివీపళ్ళ తోటలో పనికి బయల్దేరేటప్పుడు నేను వంటింటి కిటికీ దగ్గర చెవులు రిక్కించుకుని నిలబడేదాన్ని. కారు స్టార్టయితే ఊపిరి పీల్చుకునేదాన్ని. సాయంత్రం ఆయన తిరిగొచ్చే వేళకి అనుమానం మళ్ళీ మొదలయ్యేది.

తొక్కల జాడ తీస్తే పక్కింట్లో తేలింది.

డిసెంబరులో, ఈ దేశంలో ఎండలు మొదలయ్యే వేళ, కంచె అవతలి ఇంట్లోకి కొత్తవాళ్ళు దిగారు. కూతురు ఆస్పత్రిలో నర్సు. తండ్రి పేరు రమీరో, డెబ్భై దాటిన మెక్సికో మనిషి. ఆదివారం మార్కెట్లో వాళ్ళ దేశపు పానీయాలు అమ్ముతాడని మా ఆయన ఒకసారి మాటవరసకి అన్నారు. పానీయాలు అనే మాట నా చెవిలో జోరీగలా ఉండిపోయింది.

ఒక శనివారం సాయంత్రం ఆయన "గడ్డికి నీళ్ళు పెట్టొస్తా" అని వెళ్ళి ఎంతకీ రాలేదు. కంచెలో ఒక చెక్క ఊడి సందు ఉంది. అందులోంచి దూరి వెళ్ళాను. ఆ పెరట్లో మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద మూడు పెద్ద గాజు జాడీలు ఉన్నాయి. ఒకదాంట్లో ఎర్రగా, ఒకదాంట్లో తెల్లగా, ఒకదాంట్లో పసుప్పచ్చగా. మా ఆయన కుర్చీలో కూచుని ఉన్నారు. చేతిలో గ్లాసు. గ్లాసులో ఎర్రగా.

నేరుగా బల్ల దగ్గరికి నడిచాను.

"ఏంటండీ అది?"

"పువ్వుల నీళ్ళే."

"ఎర్రగా ఉంది."

"ఎర్రపువ్వులు మరి" అన్నారు, అంతకన్నా మంచి జవాబు దొరకనట్టు.

పెద్దాయన లేచి నాకో కుర్చీ లాగాడు. నేను నిలబడే చెయ్యి చాపాను, ఇస్తే వాసన చూద్దామని. ఇవ్వలేదు. కుర్చీ చూపించాడు. ఆ పెరట్లో నిలబడి తాగడానికి వీల్లేదట. మా ఆయన వైపు చూస్తే, "అదే ఇక్కడి రూలు, కూచో" అన్నారు. సరే, కూచున్నాను. అప్పుడు గ్లాసులో ఐసు వేసి, ఎర్రది పోసి, రెండు చేతులతో ఇచ్చాడు. ముందు వెలుతురుకి ఎత్తి చూశాను. వాసన చూశాను. నాలుక కొస తడిపాను.

గోంగూర! పంచదార వేసిన గోంగూర పులుపు.

నా మొహం చూసి పెద్దాయన నవ్వి, లోపలికి వెళ్ళి ఒక సంచి పట్టుకొచ్చాడు. అందులో ఎండబెట్టిన ఎర్ర తొడిమలు. గోంగూర చేలో మొక్క ముదిరి, పువ్వు రాలిపోయాక మిగులుతాయి చూడండి, అచ్చం అలాంటివే. మా అమ్మ వాటితో ఎప్పుడైనా పచ్చడి నూరేది. వీళ్ళు మరిగించి, వడగట్టి, చల్లార్చి, అన్నంతోపాటు మంచినీళ్ళలా తాగుతారట. తెల్లది బియ్యం నానబెట్టి, దాల్చినచెక్క వేసి రుబ్బి, గుడ్డలో పిండిన పాలు. దాని పేరు ఓర్చాతా. పరమాన్నాన్ని పలచన చేసి ఐసు వేసినట్టుంది. అబద్ధం చెప్పడం ఎందుకు, రెండూ బాగున్నాయి. అంత బాగుండటంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

మూడో జాడీలో తేలుతున్నాయి మా ఇంటి తొక్కలు. చుట్టూ సన్నటి బుడగలు.

"ఇదేంటి?"

"తెపాచే" అన్నారు మా ఆయన. ఆ పేరు అప్పటికే ఆయన నోట చక్కగా పలుకుతోంది. "అనాస తొక్కలు, బెల్లం, లవంగాలు, దాల్చినచెక్క. నీళ్ళలో వేసి రెండు రోజులు ఉంచుతారు, అంతే."

"ఉంచితే?"

"కొంచెం పులుస్తుంది."

పులుస్తుంది. మాది గోదావరి జిల్లా. చెట్టు మీంచి దింపిన కల్లు పొద్దుటి నించి సాయంత్రానికి ఏమవుతుందో నాకు ఒకరు చెప్పాలా? నేనేదో అనబోతూ తల తిప్పేసరికి, పెద్దాయన వెనకాల అరలో ఇంకో సంగతి కనిపించింది. పొడుగాటి సీసా, పక్కన అరచేతిలో ఇమిడేంత మట్టి చిప్ప. సీసా మూతి దాకా నిండుగా లేదు, కొంచెం తగ్గి ఉంది.

మొహమాటం లేకుండా ఇంగ్లీషులోనే అడిగాను. "నా మొగుడు అది తాగుతున్నాడా?"

మా ఆయన తల దించేసుకున్నారు. పెద్దాయన దించుకోలేదు. తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడబలుక్కుని చెప్పాడు. అది మెస్కాల్. కిత్తనార లాంటి మొక్క దుంపని గోతిలో కాల్చి తీసిన సారా. దాన్ని గుటక వెయ్యరు, పెదాలకి తాకించి ఆపుతారు, మాట్లాడతారు, మళ్ళీ తాకిస్తారు. ఒక చిప్ప ఒక సాయంత్రమంతా రావాలి.

"దోన్ ఈశ్వర్‌కి ఇది లేదు" అన్నాడు. మా ఆయన్ని అలా పిలుస్తాడు, గారు అన్నట్టు. "కారులో పెట్టె చూశాను. ఇతనికి తాగడం ఎవరో తప్పుగా నేర్పారమ్మా. నిలబడి, ఒంటరిగా, తొందరగా. నేను మంచినీళ్ళ దగ్గర్నించి మళ్ళీ నేర్పుతున్నాను."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. తాగుడు మాన్పించేవాళ్ళని చూశాను గానీ, తాగేవాడికి తాగడం నేర్పేవాణ్ణి అదే చూడటం. ఆ మాట నమ్మలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి మంగకి ఫోన్ చేశాను. అది నాకన్నా రెండాకులు ఎక్కువ చదివింది.

"అక్కా, ఇంకా అర్థం కాలేదా? ఇవాళ పువ్వుల నీళ్ళు, రేపు తొక్కల నీళ్ళు, ఎల్లుండి ఆ సీసా. మెల్లిగా దింపుతున్నాడు ముసలాడు."

"పెట్టె పచ్చగానే చూపిస్తోందే."

"పెట్టె ఉన్నంతకాలం చూపిస్తుంది. మార్చిలో పీకేశాక?"

ఆ ప్రశ్న నాకు రాకపోవడమేమిటని నా మీద నాకే చిన్నతనం అనిపించింది.

జనవరిలో ఆయన ఆ జాడీ మా ఇంట్లోనే పెట్టుకుంటానన్నారు. దొంగచాటుగా కాదు. నేనూ సిరీ అన్నం తింటుంటే ఎదురుగా నిలబడి, పిల్లాడు బడికి సెలవడిగినట్టు అడిగారు.

"రమీరో మార్కెట్‌కి ఎక్కువ కావాలంటున్నాడు. ఒక జాడీ నేను చేసిస్తానన్నా. వంటింటి బల్ల మీదే పెడతా, నీ కళ్ళెదురుగా."

"నా వంటింట్లో సారా బట్టీయా?"

"అది మందు కాదు సుభద్రా. అక్కడ పిల్లలకి కూడా పోస్తారంట."

"అమ్మా, ఇట్స్ లైక్ కొంబుచా" అంది సిరి ఫోన్లోంచి తలెత్తకుండా. "అదీ పులిసిన టీయే, సూపర్‌మార్కెట్‌లో అమ్ముతారు. చిల్ అవ్వు."

"నువ్వు అన్నం తిను."

చివరికి ఒప్పుకున్నాను. కళ్ళెదురుగా ఉంటే వెతుక్కోవడం తప్పుతుందని ఒప్పుకున్నాను, నమ్మి కాదు. పెద్దాయన స్వయంగా వచ్చి చూపించాడు. ఇండియన్ షాపులో కొన్న అచ్చుబెల్లం ముక్క వాసన చూసి, తమ ఊరి బెల్లమే ఎదురొచ్చినట్టు కళ్ళు మూసుకున్నాడు. జాడీ మూతికి నా పాత నేత చీర పేలిక కట్టాడు. చల్లటి చోట రెండు రోజులు, తరవాత వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఇంకా ఉంచితే తలకెక్కుతుంది, అని వేలు చూపించి మరీ చెప్పాడు. మా ఆయన ఆ రెండు రోజుల మాటని వేదంలా పట్టుకున్నారు. వడగట్టే వేళ దాటిపోతుందని ఒకసారి స్నానం మధ్యలో తువ్వాలుతో బయటికొచ్చారు.

తోటనించి వచ్చాక గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి, ఉప్పూ కారం అద్ది, ఐసు వేసి పోసుకునేవారు. నాకూ ఒకటి పోసేవారు. నేను ముట్టేదాన్ని కాదు. కాసేపు చూసి, సిరికిచ్చేవారు. తన గ్లాసు పట్టుకుని పెరటి మెట్ల మీద కూచునేవారు.

కిటికీలోంచి చూసేదాన్ని. ఆ ఒక్క గ్లాసూ తాగడానికి పొద్దు వాలిపోయేది. ఒక గుక్క, ఆగడం, కంచె వైపు చూడటం, ఇంకో గుక్క. ఇన్నేళ్ళుగా ఆయన గ్లాసెత్తడం, దించడం ఒక్క కదలికగానే చూసినదాన్ని. ఇంత నెమ్మదిగా తాగుతున్నారంటే అందులో ఏదో ఉండి తీరాలి అనిపించేది. ఆయన లోపలికొచ్చాక గ్లాసు అడుగు వాసన చూసేదాన్ని. అనాస, లవంగం, కారం.

ఇంకో వింత ఏమిటంటే, ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు. కివీ పందిళ్ళ కింద రోజంతా చేతులు పైకెత్తి పిందెలు గిల్లితే మెడ ఎలా పట్టేస్తుందో, లారీ నడిపేటప్పుడు వాయికటో నది పక్కన పొగమంచు ఎలా ఉండేదో, కోర్టులో నిలబడిన రోజు సిరి మొహం చూడలేక ఎటు చూశారో. మెట్ల మీంచే చెప్పేవారు, కిటికీ ఇవతల నేను ఉన్నానని తెలిసి. నేను "ఊఁ" అనేదాన్ని. ఇంత సాఫీగా మాటలొస్తున్నాయంటే నాలుక దేనితో వదులైందో అనుకునేదాన్ని. ఆ మాటలు నాకు ఎంత ఇష్టంగా ఉండేవో ఒప్పుకోవడానికి భయం. ఇష్టపడ్డాక మళ్ళీ గమ్‌బూటులో సీసా దొరికితే తట్టుకోవడం నావల్ల కాదు.

ఫిబ్రవరి మొదట్లో లాంగ్ వీకెండ్ వచ్చింది. వాతావరణం పాడై, ఎక్కడో ఉత్తరాన తుఫానని చెప్పి, టౌరంగా అంతా ముసురు పట్టింది. వేసవి మధ్యలో స్వెటర్లు తీశాం. నేనూ సిరీ బస్సెక్కి మంగ ఇంటికి వెళ్ళాం. ఆయన్ని ఒంటరిగా వదిలి వెళ్ళడం ఒక పరీక్ష అని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. బస్‌స్టాప్‌లో మా సంచులు ఎక్కిస్తూ, "భయపడకు" అన్నారు. నేను సిరి వెనకే బస్సెక్కాను.

మంగ కింది గదికి కొత్త కర్టెన్లు కుట్టించింది. మంచాలు రెండు వేసింది. సిరి గుమ్మంలోనే నిలబడి, "నైస్" అని ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోయింది.

"ఈ నెల్లోనే వచ్చెయ్యక్కా. ఎర్రదీపం వెలిగేదాకా ఎదురుచూడటం దేనికి?" అంది మంగ.

"మార్చి దాకా అన్నాను కదా, మాట తప్పనివ్వు నన్ను... లేదు, తప్పను" అని తడబడ్డాను. ఆ తడబాటు దాని దృష్టి దాటిపోలేదు.

సోమవారం బాగా పొద్దుపోయి ఇల్లు చేరాం. ఆయన అప్పటికే నిద్రపోయారు. ఇల్లంతా తిరిగాను. గ్యారేజీ, గమ్‌బూటు, మిషను సంచి, బియ్యం బస్తా వెనక. ఏమీ లేదు. వంటింటి బల్ల మీద జాడీ కూడా లేదు. పక్కింటికి ఇచ్చేసి ఉంటారనుకుని, ఒళ్ళు నొప్పులతో వెళ్ళి పడుకున్నాను.

తెల్లారి నాకు మెలకువ వచ్చేసరికి ఆయన బూట్ల చప్పుడు బయట వినిపించింది. అలవాటుగా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. కారు తలుపు పడింది. ఊదారు.

కీచుమని అరిచింది.

అంత చిన్న పెట్టె అంత గట్టిగా అరుస్తుందని నాకప్పటిదాకా తెలీదు. కారు అద్దంలోంచి ఎర్రటి వెలుగు ఆయన గడ్డం మీద పడింది. ఆయన గొట్టం చేతిలో పట్టుకుని అలాగే కూచున్నారు. మళ్ళీ ఊదలేదు. కాసేపటికి దిగి, తలుపు మెల్లిగా వేసి, లోపలికి వచ్చారు.

నేను ఇన్నాళ్ళూ ఈ నిమిషం కోసం ఎన్ని మాటలు కూర్చి పెట్టుకున్నానో దేవుడికెరుక. వాటిలో మొదటిది ఎత్తుకునేలోపే ఆయన నోరు విప్పారు.

"ఎర్రగా వచ్చింది" అన్నారు.

"విన్నాను."

ఆయన వాదిస్తారనుకున్నాను. పెట్టె పాడైందంటారు, దగ్గుమందు తాగానంటారు, సిరి మీద ఒట్టేస్తారు. ఇవన్నీ పాత జవాబులు, నాకు కంఠతా వచ్చు. ఆయన మాత్రం చేతులు రెండూ చూసుకుంటూ నిలబడ్డారు.

"ఏమో సుభద్రా. నేనేం తాగలేదనే అనుకుంటున్నాను. కానీ అనుకోవడం వేరు కదా. ఇదివరకు కూడా చాలాసార్లు తాగలేదనే అన్నాను." కారు తాళం నా చేతిలో పెట్టారు. "నువ్వన్నమాట నువ్వు నిలబెట్టుకో. మంగకి ఫోన్ చేసుకో. అటక మీంచి పెద్ద బట్టల పెట్టె నేను దింపిస్తా."

వెళ్ళి నిచ్చెన తెచ్చుకున్నారు. నేను బట్టలు సర్దడానికని, తువ్వాళ్ళ కోసం హాట్ వాటర్ కబ్బర్డ్ తలుపు తీశాను.

నీళ్ళు కాగే పెద్ద సిలిండరు ఉండే అల్మారా అది. ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఈ దేశంలో తువ్వాళ్ళు ఆరబెట్టుకోవడానికి వాడతారు. మన ఆడవాళ్ళం ఇడ్లీపిండి పొంగడానికి వాడతాం. తలుపు తియ్యగానే ఆ వెచ్చదనంతోపాటు గుప్పుమని వచ్చింది వాసన. ఇన్నేళ్ళు షర్టులు ఉతికిన ముక్కు నాది, పొరబడదు. సిలిండరు పక్కన, తువ్వాళ్ళ వెనక, అనాస జాడీ. సగం ఖాళీ.

దొరికింది అనుకున్నాను. నా కడుపులో ఒక రకమైన తృప్తి కూడా కలిగింది, చెబితే సిగ్గుచేటు. కొత్త చోటు కనిపెట్టారు, గమ్‌బూటు కన్నా మేలైన చోటు, నేను చూడనే చూడని చోటు...

చూడని చోటా? ఇంట్లో రోజూ పొద్దున్న నేను మొదట తెరిచే తలుపే అది.

అప్పుడు కనిపించింది పక్కనున్న గిన్నె. మూత మీద చిన్న రాతి పొత్రం బరువు. నేను ఊళ్ళో లేను, ఆ పిండి నేను రుబ్బలేదు. మూత ఎత్తి చూస్తే ఇడ్లీపిండి పొంగి అంచుల మీంచి కారి పళ్ళెంలో పడింది. మేం వస్తున్నామని ఆయనే రుబ్బి పెట్టారు. పొత్రం బరువు పెట్టడం కూడా నన్ను చూసే నేర్చుకున్నారు. పులిసిన పిండి వాసన, జాడీ వాసన, రెండూ కలిసి ఒకటే వాసనగా ఉన్నాయి. ఒక రాత్రి ఎక్కువుంటే నా పిండి కూడా ఇక్కడ కల్లు కంపు కొడుతుంది.

జాడీ పట్టుకుని వంటింట్లోకి వచ్చాను. బల్ల మీద ఒక గ్లాసు ఉంది. అంచుకి ఉప్పూ కారం, పైన సాసరు మూత. నాకోసం ఆయన పోసి పెట్టి వెళ్ళినది, ఇందాక కిటికీ హడావిడిలో చూడలేదు. ఐసు అప్పుడే కరుగుతోంది.

కుర్చీ లాక్కుని కూచున్నాను. ఆ వేసవంతా ముట్టనిదాన్ని, ఆ రోజు ఒక గుక్క తాగాను. తియ్యగా, పుల్లగా వెళ్ళి, చివర గొంతులో చురుక్కుమంది. వెచ్చగా కిందికి జారింది.

"ఏవండీ."

నిచ్చెన మీంచి పలికారు. "ఆఁ."

"దిగి రండి. ఈ జాడీ కబ్బర్డ్‌లో ఎప్పుడు పెట్టారు?"

దిగి వచ్చారు. జాడీ చూసి, ఏం తప్పు చేశానోనన్నట్టు తుడుచుకున్నారు చేతులు. "ఆదివారం. చలికి బుడగ రాలేదు. నీ పిండి అక్కడే పొంగుతుందిగా, ఇదీ పొంగుతుందని పెట్టా. రెండు రోజులే ఉంచాను, లెక్క తప్పలేదు. పొద్దున్నే తోటకి వేళయిపోతుంటే సగమే వడగట్టి, నీకో గ్లాసు పోసి, నేనో గ్లాసు తాగి..."

"ఆ రెండు రోజులు చల్లటి చోట అన్నాడండీ పెద్దాయన. ఆ వేడికి ఇది ఒక్క రాత్రిలో తయారైపోయి ఉంటుంది. ఇది కల్లు. మీరు పళ్ళరసం అనుకుని కల్లు తాగారు."

ఆయన జాడీ వైపు చూశారు, నా వైపు చూశారు, బల్ల మీద గ్లాసులో తగ్గిన మేర చూశారు.

"అయితే నేను తాగలేదా, సుభద్రా?"

పరీక్ష ఫలితం అడిగే పిల్లాడిలా అడిగారు. ఈయన సీసాకి భయపడాలని కోరుకున్నాను, పెట్టెకి భయపడాలని కోరుకున్నాను. తనకి తనే నమ్మకం లేకుండా పోవాలని కోరుకోలేదు. ఆ పని నేనే, కిటికీ దగ్గర నిలబడి, రోజుకి కొంచెం కొంచెంగా చేశాను.

"లేదండీ. మీరు తాగలేదు."

"పెట్టె తాగానంటోంది."

"అననీండి. లెక్క మళ్ళీ మొదలెడతారు, అంతే కదా. మళ్ళీ ఊదుదురుగాని. నేనిక్కడే ఉంటాను."

ఆయన నా ఎదురుగా కుర్చీలో కూలబడ్డారు. మొహం చేతుల్లో దాచుకున్నారు. చేతులు తియ్యకుండానే, లోపల్నించి, "ఇంకోసారి చెప్పు" అన్నారు.

చెప్పాను. అప్పటికి సిరి లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది, నిచ్చెన వైపు, సగం దింపిన బట్టల పెట్టె వైపు చూస్తూ. దానికీ వినబడేలా ఇంకాస్త గట్టిగా చెప్పాను.

"మీ నాన్న తాగలేదు."